ఎయిర్‌సాఫ్టు రైఫిలు – లోపలి భాగముల సంస్కరణము
(మన సంఘ పాఠశాల పై తరగతుల విద్యార్థుల యెదుట చేసిన ఉపన్యాసము)



ఈ దినమున మేము మాటలాడ బూనిన విషయము వార్షికోత్సవ సభలలో సాధారణముగా వినవచ్చునది కాదు. పై తరగతుల విద్యార్థులు కొందరు మా యొద్దకు వచ్చి, ఎయిర్‌సాఫ్టు అను బొమ్మ రైఫిలులోని స్ప్రింగును తీసివేసి అంతకంటె గట్టిదానిని వేసినచో గురి యెంత దూరము హెచ్చునని యడిగిరి. ప్రశ్న చిన్నదే. "వేయకుడు" అని మాత్రము చెప్పి పంపివేయవచ్చును. అట్లు పంపినచో బజారులో మరియొకడు "వేయుడు" అని చెప్పును. పిల్లవాడు వాని మాటయే వినును. కావున ఆ రైఫిలు లోపల నేమున్నదో, ఏ భాగమును బాగుచేసిన నేమి ఫలము కలుగునో విప్పి చెప్పుటయే మేలని తలచితిమి.

బామ్నిలో పెరిగిన పిల్లలకు ఇది దుర్గ్రాహ్యమగు విషయము గాదు. మీ యిండ్లలోని పెద్దలలో ననేకులు కాగితపు మిల్లులోనో, బొగ్గు గనులలోనో పంపులతోను, కంప్రెసరులతోను దినమెల్ల గడుపువారే. పిస్టను, సిలిండరు, వాషరు, గ్రీజు అను మాటలు మీకు పలకాబలపములతోపాటు పరిచయమైనవి. వానికి బదులు సంస్కృత పదములను మేము వెదకబోము.

ఎయిర్‌సాఫ్టు అను క్రీడ జపాను దేశమున 1970-80 దశకములలో పుట్టినది. ఆ దేశమున సామాన్య ప్రజలు తుపాకులుంచుకొనుటకు చట్టము మిక్కిలి కఠినముగా నడ్డుపడును. అందుచేత తుపాకుల రూపముపై మోజుగలవారు, 6 మిల్లీమీటర్ల ప్లాస్టికు గుండును గాలితో నెట్టు బొమ్మలను చేసికొనిరి. ఆ గుండు బరువు సాధారణముగా 0.20 గ్రాము. వీనిలో స్నైపర్ రైఫిలు అనబడునది ఒక్కొక్క గుండునకు ఒక్కొక్కసారి బోల్టును చేతితో వెనుకకు లాగవలసినది. దీనిలో మోటారు లేదు, గ్యాసు లేదు. టోక్యో నగరపు మరుయి సంస్థ చేసిన వి.ఎస్.ఆర్.-10 అను నమూనాను అనుసరించి ఇతరులు పెక్కుమంది రైఫిళ్లను, విడిభాగములను చేయుచున్నారు. విడిభాగములు దొరకుటవలననే "మార్చుదము" అను కోరిక పుట్టుచున్నది.

ఈ యంత్రము యొక్క తత్త్వమును తెలిసికొనుటకు జపాను వరకు పోనక్కర లేదు. మనకు తూర్పున గడ్చిరోలి, దాని కావల బస్తరు. జగదల్‌పూరులో రథయాత్ర కాలమున జరుగు గోంచా పండుగలో ఆదివాసులు తుప్కి అను వెదురు గొట్టమును పేల్చి జగన్నాథునికి వందన మర్పింతురు. రెండు కొనలు తెరచిన సన్నని వెదురు గొట్టమొకటి, దానిలో దూరు పుల్ల యొకటి. మాలకంగని తీగకు గాయు పచ్చికాయలను వారు పెంగు అందురు. ఒక కాయను గొట్టపు కొన వరకు నెట్టుదురు. రెండవ కాయను వెనుకనుండి దూర్చి పుల్లతో నెట్టుదురు. రెండు కాయల నడుమ చిక్కిన గాలి నలిగి నలిగి, ముందున్న కాయను చప్పుడుతో వెలికి త్రోయును. ఇక వెనుకటి కాయ ముందుకు వచ్చి కూర్చుండును. మరుసటి ప్రేలుడునకు అదియే గుండు. ఎంత పొదుపైన యంత్రము! వెదురు మనకు క్రొత్త గాదు. బల్లార్షా మిల్లు చిరకాలము ఈ యడవుల వెదురుతోనే కాగితము చేసినది. కాని యా వెదురు గొట్టములో ఇంత భౌతికశాస్త్ర మున్నదని మనలో నెందరు తలచిరి?

ఆ తుప్కిలో కాయ గొట్టమునకు వదులుగా నున్నచో నెంత బలశాలి నెట్టినను చప్పుడు రాదు. గాలి ప్రక్కల సందులనుండి జారిపోవును. కండబలము వ్యర్థము. ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొనినచో తక్కినదంతయు సులభము.

రైఫిలులో జరుగునది యిది. బోల్టును వెనుకకు లాగినపుడు సిలిండరులోని పిస్టను వెనుకకు వచ్చి, స్ప్రింగును నొక్కి, ఒక చిన్న కొక్కెమునకు తగులుకొని నిలుచును. బోల్టును ముందునకు నెట్టినపుడు ఒక గుండు రబ్బరు గొట్టములోనికి వచ్చి కూర్చుండును. ట్రిగ్గరును నొక్కగానే కొక్కెము తొలగును. స్ప్రింగు పిస్టనును ముందుకు నెట్టును. సిలిండరులోని గాలి సన్నని నాజిలు ద్వారా వెడలి గుండును గొట్టము వెంబడి నెట్టును. సైకిలు పంపునకును దీనికిని భేద మొక్కటే: పంపులో చేయి నెట్టును, ఇందు స్ప్రింగు నెట్టును.

ఇక బాగుచేయవలసిన క్రమమును చెప్పుదుము. మొదటిది గాలి జారకుండ చూచుట. సైకిలు పంపులోని తోలు వాషరు ఎండి ముడుచుకొనిపోయినపుడు ఎంత కొట్టినను ట్యూబులో గాలి నిండదని మీరెరుగుదురు. పిస్టను తలకు చుట్టిన ఓరింగు అను రబ్బరు వలయము ఆ వాషరు చేయు పనినే చేయును. పరీక్ష సులభము. స్ప్రింగును పూర్తిగా తీసివేసి, పిస్టనును సిలిండరులో వెనుకకు లాగి, నాజిలును వ్రేలితో గట్టిగా మూసి, పిస్టనును చేతితో నెట్టి చూడుడు. గాలిదిండువలె ఎదురు నిలిచినచో మేలు. బుస్సుమని జారిపోయినచో లోపమున్నది. ఓరింగు వదులైనచో దాని క్రింది గాడిలో, నల్లా పైపుల మరలకు చుట్టు తెల్లని టెఫ్లాను టేపును ఒక చుట్టు చుట్టి మరల తొడుగవచ్చును. దీనికగు వ్యయము ఇంచుమించు శూన్యము. అయినను విద్యార్థులు దీనిని విడిచి స్ప్రింగు కొరకు వేలు వెచ్చింప జూచుట మాకు వింతగా నున్నది.

గ్రీజు విషయమున నొక హెచ్చరిక. బండి చక్రములకు పూయు గ్రీజును, కుట్టుమిషను నూనెను ఇందు పూయరాదు. పెట్రోలియము నూనెలు కొన్ని రకముల రబ్బరును ఉబ్బించి చెరచును. సిలికాను గ్రీజును సన్నని పొరగా పూయవలెను. మరియొక కారణమును కలదు. గాలిని హఠాత్తుగా నొక్కినపుడు వేడెక్కును. పంపు కొట్టునపుడు దాని అడుగు వేడెక్కుటను మీరు చేతితో తాకి చూచియే యుందురు. డీజిలు ఇంజనులో చమురు అంటుకొనునది ఈ వేడి చేతనే. సీసపు గుండ్లను పేల్చు బలమైన స్ప్రింగు రైఫిళ్లలో సిలిండరున నూనె మిగిలినచో అది అట్లే మండి, లోపలి భాగములను పాడుచేయుట కలదు.

రెండవది, మా దృష్టిలో అన్నిటికంటె రుచికరమైనది, గుండు కూర్చుండు రబ్బరు. ఆ రబ్బరు పైభాగమున లోపలికి ఒక చిన్న ఉబ్బు ఉండును. గుండు దాని క్రిందుగా దూసికొని పోవునపుడు పైభాగము రాచుకొని వెనుకకు తిరుగుడు పడును. టేబులు టెన్నిసులో చాపు కొట్టిన బంతి వలె. అట్లు వెనుకకు తిరుగుచు ముందునకు పోవు గుండును గాలి పైకి నెట్టును. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హైన్రిహ్ గుస్తాఫ్ మాగ్నుస్ 1852లో దీనిని వివరించినందున దీనికి మాగ్నుస్ ప్రభావమని పేరు వచ్చినది. ఈ యొత్తిడి వలన గుండు భూమ్యాకర్షణమును కొంతసేపు ఎదిరించి, బల్లపరుపుగా పోవును. దూరము హెచ్చుటకు ముఖ్యమైన ఉపాయము ఇదియే, స్ప్రింగు కాదు.

మాగ్నుసునకు నూరేండ్ల ముందే ఈ సంగతిని కనిపెట్టినవాడు బెంజమిన్ రాబిన్సు అను ఆంగ్లేయుడు. ఇతడు తుపాకి గొట్టపు కొనను ఎడమకు కొంచెము వంచి పేల్చి చూచెను. గుండు మొదట ఎడమకు పోయి, పిమ్మట కుడికి తిరిగెను. వంగిన గొట్టములో గుండు కుడి గోడను రాచుకొని వచ్చుటచేత దానికి తిరుగుడు పడినదని అతడు చూపెను. 1742లో వెలువడిన అతని గ్రంథము ఫిరంగి విద్యను లెక్కలలోనికి దెచ్చినది. వ్రేలాడు కొయ్యదిమ్మెను గుండుతో కొట్టించి, దిమ్మె యెంత యూగెనో కొలిచి, గుండు వేగమును లెక్కగట్టినవాడును ఇతడే. ఇట్టి మేధావి కడపట ఈస్టిండియా కంపెనీ కొలువున మన దేశమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో కన్ను మూసెను. భౌతికశాస్త్ర పుస్తకములలో అతని పేరు కానరాకుండుట అన్యాయమని మా మతము.

రాబిన్సు ప్రయోగమే మీ రైఫిలు రోగమునకు నిదానము. ఆ రబ్బరు ఉబ్బు నడిమికి గాక ప్రక్కకు ఒరిగి కూర్చున్నచో గుండు ప్రక్కకు తిరుగును. ప్రతి గుండును ఎడమకో కుడికో వంగును. విద్యార్థి దూరదర్శినిని తిప్పి తిప్పి విసుగును. లోపల రబ్బరును గొట్టము గాడితో సరిగా కలిపి బిగించినచో రోగము కుదురును. ఒత్తిడి మితిమీరినచో గుండు గాలిపటమువలె పైకి లేచి, పిదప కూలును. తక్కువైనచో ముందే నేలపాలగును. కొద్దికొద్దిగా తిప్పి చూచుకొనవలెను.

గుండు బరువును ఇచ్చటనే చెప్పవలెను. 0.20 గ్రాము గుండు సెకనుకు 100 మీటర్ల వేగముతో వెడలినచో దాని శక్తి సరిగా 1 జౌలు. లెక్క వేసికొనుడు: బరువులో సగము, వేగపు వర్గము. ఆ క్షణమున గాలి దానిని వెనుకకు నెట్టు బలము దాని బరువునకు సుమారు 40 రెట్లు! అదే 1 జౌలు శక్తితో 0.30 గ్రాము గుండును పంపినచో వేగము 82 మీటర్లకు తగ్గును గాని, గాలి ఎదిరింపు బరువునకు సుమారు 17 రెట్లు మాత్రమే. మెల్లగా బయలుదేరినది దూరమున నిలుకడగా చేరును. వార్ధా నది ఒడ్డున వీచు గాలికి తేలిక గుండు నిలువదు, బరువు గుండు నిలుచును. ఇప్పుడు వేగమును రెట్టింపు చేయ దలచితిమనుకొనుడు. శక్తి నాలుగు రెట్లు కావలెను, గాలి ఎదిరింపును నాలుగు రెట్లగును. స్ప్రింగు ఇచ్చిన లాభములో పెద్దపాలును గాలి తిరిగి లాగికొనును.

మూడవది లోపలి గొట్టము. గుండు వ్యాసము సుమారు 5.95 మిల్లీమీటర్లు. కర్మాగారమునుండి వచ్చు గొట్టపు లోపలి వ్యాసము సాధారణముగా 6.08 ప్రాంతము. అనగా సందు 0.13. బిగువైన గొట్టములను 6.03 వ్యాసముతో చేయుదురు, సందు 0.08. మన చేతనున్న వ్రాత కాగితపు మందము ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. ఆ సందు ఒక్క కాగితమంత! కాగితపు మిల్లు నీడన పెరిగిన మీకు ఈ కొలత వేరుగా చెప్ప నక్కరలేదు. బిగువు గొట్టము కొంత మేలు చేయును గాని, దుమ్మునకు తొందరగా చెడును. మన ప్రాంతపు బొగ్గుదుమ్ము ఎట్టిదో ఇల్లు ఊడ్చు తల్లు లెరుగుదురు. పాత గొట్టమునే మెత్తని నూలుగుడ్డతో శుభ్రపరచి, వెలుపలి గొట్టములో కదలకుండ బిగించినచో క్రొత్త గొట్టము కొన్నంత ఫలము దక్కుట కలదు.

స్ప్రింగు మాటకు వత్తము. గట్టి స్ప్రింగు వేసినచో దాని భారమంతయు ట్రిగ్గరు కొక్కెముపై బడును. చవుక రైఫిళ్లలో ఆ కొక్కెము జింకు మిశ్రలోహముతో పోతపోసినది. కొన్ని దినములలో దాని అంచు అరిగి గుండ్రబారును. అటుపై ఎవరును ట్రిగ్గరును ముట్టకయే బోల్టు మూయు క్షణమున గుండు వెడలవచ్చును. ఆ క్షణమున ఎదుట తమ్ముడు నిలిచియుండవచ్చును. కావున గట్టి స్ప్రింగు వేయువాడు ఉక్కు కొక్కెమును, ఉక్కు పిస్టనును, క్రొత్త సిలిండరును వేయవలసివచ్చును. రైఫిలు ఖరీదు రెండింతలగును. దుకాణమువాడు ఈ సంగతిని మొదట చెప్పడు.

కంటి విషయమున మాత్రము మేము మెత్తగా మాటలాడజాలము. 1 జౌలు గుండు చర్మముపై ఎర్రని మచ్చ చేయును. అదే గుండు కంటికి తగిలినచో చూపు శాశ్వతముగా పోవచ్చును. చదువుకొను కళ్లద్దములు చాలవు, అవి పగిలి ముక్కలు కంటబడును. ఈ క్రీడకై పరీక్షించి చేసిన, నలుప్రక్కల మూసికొను రక్షక గాగుల్సు ఆడువారికేగాక చూచువారికిని ఉండవలెను. జపాను ప్రభుత్వము 2006లో చట్టము సవరించి 6 మిల్లీమీటర్ల గుండునకు 0.98 జౌలు హద్దుగా నేర్పరచినది. ఈ క్రీడను కనిపెట్టిన దేశమే ఇంత తక్కువ శక్తితో తృప్తి నొందుచున్నది.

మన దేశమున 2016 ఆయుధ నియమములు గాలి ఆయుధముల విషయమున 20 జౌళ్ల శక్తిని, 4.5 మిల్లీమీటర్ల గొట్టపు వ్యాసమును హద్దులుగా పేర్కొన్నవి. ఎయిర్‌సాఫ్టు గొట్టము 6 మిల్లీమీటర్లు. కావున కొనుటకు ముందు ఇంటి పెద్దలు పోలీసు ఠాణాలో విచారించుట యుక్తము. ఇంకొకటి: ఈ బొమ్మ దూరమునుండి చూచువారికి బొమ్మగా కనబడదు. మనది గడ్చిరోలికి పొరుగు. ఈ యడవులు ఎన్ని యేండ్లు తుపాకుల చప్పుడు విన్నవో పెద్దలకు తెలియును. తుపాకిని బోలిన వస్తువును భుజమున వేసికొని అడవి అంచున గాని, రైలు స్టేషనున గాని తిరుగుట తగదు. సంచిలో నుంచి తీసికొనిపోవలెను, కంచె గల స్థలముననే ఆడవలెను.

"బలము లేక గురి ఎట్లు?" అని ఇంకను సందేహించువారికి ఒక సాక్ష్యము చూపుదుము. ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీ కలదు. ఆ రైఫిలు అర గ్రామునకు పైబడిన 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును సెకనుకు సుమారు 170 మీటర్ల వేగమున పంపును; శక్తి 7, 8 జౌళ్లు. వేటకు పనికిరాదు. కాని గురికాగితము నడుమ పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే! హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 60 గుండ్లకు 600లో 598 సాధించి, తుది పోటీతో కలిపి 701.1 మార్కులతో కాంస్య పతకమును గెలిచెను. రెండే మార్కులు జారినవి. మన మహారాష్ట్రలోని కొల్హాపూరు జిల్లావాడగు స్వప్నిల్ కుసాళే 2024లో పారిసున 50 మీటర్ల రైఫిలు పోటీలో కాంస్యము దెచ్చెను. అది మందుగుండు రైఫిలు, వేరు తరగతి.

ఆ ఎయిర్ రైఫిలు పోటీలలో పూర్వము స్ప్రింగు రైఫిళ్లే వాడెడివారు. తరువాత స్ప్రింగునే తీసివేసిరి! గుండు గొట్టము దాటకమునుపే పిస్టను కదలిక రైఫిలును కుదుపుచున్నందున, నేడు సీసాలో నింపిన గాలిని కొలిచి కొలిచి వదలు యంత్రములను వాడుచున్నారు. ప్రతి గుండునకు గాలి సమానముగా నుండుటకై వారు బలమును కాదనుకొనిరి. గట్టి స్ప్రింగు కొరకు ఉవ్విళ్లూరు మన పిల్లవాడు ప్రపంచ విజేతలు నడచిన దారికి ఎదురు నడచుచున్నాడు.

కడపట పరీక్ష చేయు విధమును చెప్పి విరమింతుము. వెనుక గుడ్డతెర కట్టిన గోడకు తెల్లకాగితము నంటించి, పది మీటర్ల దూరమున రైఫిలును ఇసుక సంచిపై నుంచి, ఒకే బరువుగల పది గుండ్లను పేల్చుడు. రంధ్రములలో అన్నిటికంటె ఎడమైన రెంటి నడుమ దూరమును స్కేలుతో కొలిచి, తేదీతో పుస్తకమున వ్రాయుడు. తరువాత ఒక్క భాగమును మాత్రమే మార్చి మరల పది పేల్చుడు. రెండు భాగములను ఒక్కసారి మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు. రెండు మూడు వారములు ఓపిక పట్టినచో మీ చేత ఒక చిన్న ప్రయోగ గ్రంథమే తయారగును. విజ్ఞాన ప్రదర్శనమున దానిని రైఫిలుకంటె ముందు పెట్టవచ్చును.

సిలిండరు, పిస్టను, రబ్బరు, గొట్టము ఇవన్నియు విప్పి ప్రయోగశాలలో బల్లమీద పరచితిమి. స్ప్రింగును వేరుగా డబ్బాలో నుంచితిమి. సభ ముగిసిన పిదప ఐదుగురేసి చొప్పున రండు. నాజిలును వ్రేలితో మూసి పిస్టనును నెట్టి చూచుపని ముందుగా ఎనిమిదవ తరగతి బాలికలకు.